తాత ట్రంకు పెట్టెలో నాలుగు బస్సు ఫొటోలు: ఏ బస్సు, ఏ ఊరు? కాస్త చెప్పండి

పట్టెడ_బుజ్జి:
అందరికీ నమస్కారం. మాది తిరుపతి, బైరాగిపట్టెడ. పోయిన నెల పాత ఇల్లు పడగొట్టేటప్పుడు అటక మీద నుంచి మా తాత ట్రంకు పెట్టె దిగింది. లోపల ఒక ఖాకీ చొక్కా, రెండు స్పానర్లు, చెదలు తిన్న లైసెన్సు పుస్తకం, ఆల్బం అట్టకి మైదా జిగురుతో అంటించిన నాలుగు ఫొటోలు ఉన్నాయి. తాత డ్రైవరు. ఆయన పోయేటప్పటికి నాకు మూడేళ్ళు.

ఇంట్లో చిన్నప్పటి నుంచి వింటున్న మాట ఒకటుంది. 1944లో తిరుమల కొండకి ఘాట్ రోడ్డు తెరిచినప్పుడు మొదటి బస్సు నడిపింది మా తాతేనని. రెండో ఫొటో ఆ బస్సుదే అని నాన్న గట్టిగా చెబుతారు. పెద్దది చేయించి, కింద ఆ మాట రాయించి, కొత్తింటి హాల్లో పెట్టాలని ఆయన కోరిక. ఫ్రేము షాపువాడు ఏం రాయాలో చెప్పమంటున్నాడు. రాయించే ముందు మీ కళ్ళకి ఒకసారి చూపిద్దామని ఇక్కడ పెడుతున్నా.

1. పెద్ద గోపురం, దాని ముందు బస్సు. గోవిందరాజస్వామి గోపురమే అనుకుంటున్నాం.
2. కొండ మలుపులో బస్సు. ముందు తాత, పక్కన గుండుతో ఎవరో పిల్లోడు.
3. ముక్కు బస్సు వెనక పెద్ద డ్రమ్ములాంటిది. దాని మీద చెయ్యేసి నిలబడ్డ కుర్రాడు.
4. పెట్రోలు బంకు దగ్గర బస్సు. ఇది బాగా వెలిసిపోయింది.

పాకాల_జంక్షన్:
బో ఉన్నాయి సామీ ఫొటోలు! మూడో దాంట్లో డ్రమ్ము చూస్తే నాకు మా ఊరి హోటల్లో ఇడ్లీ బాయిలర్ గుర్తొచ్చింది. పెద్దవాళ్ళు వచ్చేలోపు జోకు వేసుకుని పోతున్నా.

ఎర్రబస్సు_తాత:
పాకాల తమ్ముడూ, నువ్వు నవ్వులకన్నావు గానీ పెద్ద తప్పేం లేదు. అది బాయిలర్ లాంటిదే. అది బొగ్గు బస్సు.

నేను గ్యారేజీలో 34 ఏళ్ళు చేసి రిటైర్ అయినవాణ్ణి. బొగ్గు బస్సు మీద నేను పని చెయ్యలేదు, నాకు పని నేర్పిన మేస్త్రి చేశాడు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో పెట్రోలుకి రేషన్ పెట్టారు. బస్సులు ఆపలేరు కాబట్టి వెనక ఇలా గ్యాసు ప్లాంటు బిగించేవాళ్ళు. డ్రమ్ములో కట్టెబొగ్గు పోసి, గాలి సరిపోనంత మాత్రమే వదిలితే బొగ్గు పూర్తిగా కాలక కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. దాన్ని వడగట్టి గొట్టంలో ఇంజనుకి పంపాలి. ఇంజను అదే, తిండి మారింది, అంతే. పెట్రోలుతో వచ్చే బలంలో చాలా భాగం పోయేది. ఎత్తు వస్తే జనం దిగి నడవాల్సిందే, అవసరమైతే తోయాల్సిందే.

కుర్రాడి కుడిచేతి కింద చూడండి, చిన్న పిడి కనిపిస్తుంది. అది గాలి ఫ్యాను. పొద్దున్నే బస్సు తియ్యాలంటే క్లీనరు చీకట్లో లేచి, నిప్పు రాజేసి, ఆ పిడి తిప్పుతూ కూర్చోవాలి. గ్యాసు పట్టిందో లేదో ఒక అగ్గిపుల్ల గీసి చూసేవాళ్ళట. మా మేస్త్రికి కనుబొమలు ఎప్పుడూ సగమే ఉండేవి. ఎందుకో మూడేళ్ళకి గానీ అడగలేదు నేను.

కాబట్టి మూడో ఫొటో కాలం తేలినట్టే. యుద్ధం రోజులు, లేదంటే అది ముగిసిన ఒకటి రెండేళ్ళ లోపు. ఆ కుర్రాడు మీ తాతేనా?

పట్టెడ_బుజ్జి:
నాన్న అవునంటున్నారు, చెవులు చూసి. మా ఇంట్లో అందరివీ అవే చెవులు.

నిర్వాహకుడు:
బుజ్జీ, చిన్న మనవి. ఫోన్‌తో తీసి పెట్టినట్టున్నావు, మెరుపు పడి బోర్డు మీద అక్షరాలు పోయాయి. దగ్గర్లో జిరాక్సు షాపులో ఫ్లాట్‌బెడ్ స్కానర్ ఉంటే 1200 డీపీఐలో, రంగుల సెట్టింగులోనే స్కాన్ చేయించు. నలుపు తెలుపు ఫొటో అయినా సరే. ఆల్బం నుంచి గోటితో పీకొద్దు. మైదా జిగురు తడికి మెత్తబడుతుంది కదా అని నీళ్ళు కూడా చల్లొద్దు, పైపొర లేచిపోతుంది. అట్టని వెనకవైపు నుంచి పొరలు పొరలుగా తీసేస్తూ వస్తే ఫొటో వెనక స్టూడియో ముద్ర ఉందో లేదో తెలుస్తుంది. ఓపిక ఉంటేనే చెయ్యి.

పిక్సెల్_పిచ్చి:
అంతదాకా ఎందుకు అన్నా, రెండో ఫొటోని నేను ఒక యాప్‌లో వేసి క్లియర్ చేసి రంగులద్దాను. చూడండి, అదిరిపోయింది. బోర్డు మీద “తిరుమల” అని స్పష్టంగా వచ్చింది, నంబరు ప్లేటు కూడా కనిపిస్తోంది, ఏపీ 03తో మొదలవుతోంది. మన చిత్తూరు జిల్లా నంబరే! బుజ్జి అక్కా, మీ నాన్న చెప్పింది కరెక్టు.

పట్టెడ_బుజ్జి:
అయ్యో థాంక్స్ తమ్ముడూ! నాన్నకి చూపించా. కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు.

ఎర్రబస్సు_తాత:
బుజ్జమ్మా, తొందరపడొద్దు. ఫ్రేము షాపుకి ఇంకా ఫోన్ చెయ్యకు.

ఏపీ 03 అనే వరస 1989 జులైలో కొత్త మోటారు చట్టం అమల్లోకి వచ్చాక పుట్టింది. అంతకుముందు నంబర్లలో మూడక్షరాలు, ఆ తర్వాత అంకెలు ఉండేవి. 1944లో ఏపీ అనే రాష్ట్రమే లేదు, మనం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్నాం. ఆంధ్ర రాష్ట్రం 1953లో, ఆంధ్రప్రదేశ్ 1956లో వచ్చాయి. ఆ ప్లేటు బస్సుది కాదు, యాప్ రాసింది. ప్లేటు రాసిన చెయ్యే “తిరుమల” కూడా రాసి ఉంటుంది.

పిక్సెల్_పిచ్చి:
నిజమే సార్. ఇప్పుడు మళ్ళీ అదే ఫొటో వేస్తే ఈసారి ప్లేటు మీద వేరే అంకెలు వచ్చాయి. బోర్డు మీద “తిరుపల” అని వచ్చింది. సారీ అక్కా. పోస్టు తీసెయ్యనా?

నిర్వాహకుడు:
తియ్యొద్దు, ఉండనీ. రేపు ఇంకెవరో ఇదే చేస్తారు, ఈ పోస్టు చూపిస్తా.

ఎర్రబస్సు_తాత:
ఇక రెండో ఫొటో సంగతి. నేను మొదట చూసేది ముఖం. బాడీ చూసి కంపెనీ చెప్పేవాళ్ళ మాట నమ్మొద్దు. చాసిస్, అంటే ఇంజను, చక్రాలు ఉండే కింది చట్రం, కంపెనీది. బాడీ కట్టేది వేరే షెడ్డు. టేకు చట్రం మీద రేకు కొట్టి, కిటికీలకి అద్దాల బదులు చుట్టేసే పరదాలు పెట్టి, ఏ ఊరి మేస్త్రి ఇష్టం వాడిది. ముందు రేడియేటరు జాలీ మాత్రం దాదాపు కంపెనీదే ఉంటుంది.

మీ ఫొటోలో జాలీ మీద, మధ్యలో, గుండ్రటి బిళ్ళలో మూడు గీతల చుక్క ఉంది. దుమ్ము పట్టినా తెలుస్తోంది. అది బెంజి చుక్క. టాటా వాళ్ళు జర్మనీ బెంజితో కలిసి జంషెడ్‌పూర్‌లో వాహనాలు కట్టడం 1954లో మొదలైంది. ఆ ఒప్పందం 1969తో ముగిసి, చుక్క పోయి టాటా గుర్తు వచ్చింది. మా వాళ్ళు ఆ తర్వాత కూడా చాలా ఏళ్ళు టాటా లారీని బెంజి లారీ అనే పిలిచేవాళ్ళు, అది వేరే సంగతి. ఈ చుక్క ఉన్న బస్సు 1954కి ముందు మన రోడ్డు మీద ఉండే వీల్లేదు.

చుక్క ఉంటే 1969 లోపే అని మాత్రం అనలేం. బస్సు పదిహేనేళ్ళు తిరుగుతుంది కదా. 1954 అనే ముందు హద్దు గట్టిది, 1969 అనే వెనక హద్దు వదులు. 1944 మాత్రం కాదు తల్లీ.

ఇంకోమాట. కొండ బస్సులు అప్పట్లో నడిపింది దేవస్థానమే. 1975లో ఆర్టీసీకి అప్పజెప్పారు. ఈ బస్సు పక్కన, కిటికీల పైన ఏదో సర్వీసు పేరు పెద్ద అక్షరాల్లో ఉంది. అలా రాసుకునేది ప్రైవేటు వాళ్ళు.

పట్టెడ_బుజ్జి:
నాన్నకి ఇంకా చెప్పలేదు. మీరంతా చెప్పేది అర్థమవుతోంది గానీ, బస్సు తర్వాతిదైనా కొండ మాత్రం తిరుమల కొండే కదా? మలుపు అలాగే ఉంది. పాత ఘాట్ రోడ్డులో 36 మలుపులు ఉన్నాయి, వాటిలో ఏదో ఒకటి అయ్యుండొచ్చు.

రాళ్ళబండి:
కాలేజీలో భూగర్భశాస్త్రం చెబుతాను. బస్సుల గురించి నాకు ఓనమాలు రావు, రాళ్ళ గురించి రెండు మాటలు చెప్పనివ్వండి.

తిరుపతిలో ఏ మిద్దె ఎక్కి ఉత్తరం వైపు చూసినా కొండ ఒకేలా కనిపిస్తుంది. కింద చెట్లతో ఏటవాలు, పైన గోడ కట్టినట్టు నిలువుగా ఎర్రటి బండ. ఆ గోడలో పడుకోబెట్టిన పుస్తకాల్లా పొరలుంటాయి. అది క్వార్ట్‌జైట్, ఒకప్పుడు నీటి అడుగున పేరుకున్న ఇసుక. దాని కింద దానికంటే చాలా పాత గ్రానైట్ ఉంటుంది. రెండూ కలిసే చోటుని ఎపార్కియన్ అన్‌కన్ఫర్మిటీ అంటారు, జాతీయ భూవిజ్ఞాన స్మారకం. ఘాట్ రోడ్డులో వెళ్ళే లక్షల మందిలో ఎందరు తల తిప్పి చూస్తారో ఆ స్వామికే తెలియాలి.

ఇప్పుడు రెండో ఫొటోలో బస్సు వెనక చూడండి. పొరలు లేవు, గోడ లేదు. గుండ్రటి బండల్ని ఎవరో తీరిక దొరికినప్పుడు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టున్నాయి. రెండు బండల మధ్య సందులోంచి ఆకాశం కనిపిస్తోంది. ఇది గ్రానైట్ గుట్ట. చిత్తూరు నుంచి పడమరగా పలమనేరు, పుంగనూరు, మదనపల్లె వైపు ఎటు పోయినా ఇవే గుట్టలు.

పట్టెడ_బుజ్జి:
కానీ సార్, తిరుమల కొండ కింద కూడా గ్రానైటే అని మీరే అన్నారు కదా. అలిపిరి దాటాక మొదటి మలుపుల్లో తీసింది అయితే?

రాళ్ళబండి:
మంచి ప్రశ్నమ్మా, మా పిల్లలు కూడా ఇలా అడగరు. కింది మలుపుల్లో తీస్తే బస్సు పక్కన గ్రానైట్ బండ రావచ్చు. కానీ ఈ ఫొటోలో కెమెరా పైకి చూస్తోంది, గుట్ట కొస వరకు కనిపిస్తోంది. అక్కడి నుంచి పైకి చూస్తే ఆ క్వార్ట్‌జైట్ గోడ రాకుండా తప్పించడం కష్టం. ఇక్కడ కొస దాకా గుండ్రాళ్ళే.

స్వర్ణముఖి_ఒడ్డు:
అందరూ రెండో ఫొటో మీదే పడ్డారు, మొదటిది ఎవరూ చూడలేదా? అది మా ఊరు. శ్రీకాళహస్తి. నాకు సందేహమే లేదు.

గోవిందరాజస్వామి గోపురం తూర్పుకి ఉంటుంది. దానికి ఎదురుగా నిలబడి తీస్తే కుడిచేతి వైపు తిరుమల కొండ వరస రావాలి, లేదంటే కనీసం దాని అంచైనా. ఇక్కడ అటువైపు కొండే లేదు. ఫొటో తిరగేసి ప్రింటు వేశారా అంటే, బస్సు మీద అక్షరాలు సరిగ్గానే ఉన్నాయి. పైగా ఈ గోపురానికి అటూ ఇటూ ప్రహరీ లేదు, గుడికి ఎడంగా వీధిలో ఒంటరిగా నిలబడి ఉంది. మా గాలిగోపురం అలాగే ఉండేది. శ్రీకృష్ణదేవరాయలు 1516లో కట్టించింది.

2010 మే 26 రాత్రి కూలిపోయింది. అంతకుముందే పగుళ్ళు పెద్దవయ్యాయని జనాన్ని అటు రానివ్వలేదు. మా ఇల్లు నాలుగు వీధుల అవతల. చప్పుడు విని మా అమ్మ పిడుగనుకుంది. బయటికొచ్చి చూస్తే వీధి దీపాల చుట్టూ దుమ్ము, ఎప్పుడూ కనిపించే చోట ఏమీ లేదు. 2017లో కొత్తది కట్టి తెరిచారు, బాగానే ఉంది. కానీ పాతదాని కింద బస్సు ఆగిన ఫొటో మా ఇంట్లో ఒక్కటి కూడా లేదు. బుజ్జీ, ఏమీ అనుకోకపోతే స్కాన్ కాపీ ఒకటి పంపిస్తావా?

పట్టెడ_బుజ్జి:
తప్పకుండా అక్కా. ఈరోజే స్కాన్‌కి ఇస్తున్నా.

(మూడు రోజుల తర్వాత)

పట్టెడ_బుజ్జి:
స్కాన్లు వచ్చాయి, పైన పోస్టులో మార్చి పెట్టాను. నాలుగో ఫొటోలో బంకు బోర్డు కొంచెం తేలింది, “బర్మా షె” వరకు చదవగలిగా. రెండో ఫొటోలో బస్సు నెత్తిమీద బోర్డులో చివరి రెండక్షరాలు వచ్చాయి. “నేరు” అనిపిస్తోంది. నాన్నేమో “లేరు” అంటున్నారు, పీలేరు అని. అంటే తిరుపతి నుంచి పీలేరు పోయే భాకరాపేట ఘాట్ కావచ్చు అంటున్నారు.

పాకాల_జంక్షన్:
నాలుగోది 1976కి ముందుది. బర్మా షెల్‌ని గవర్నమెంటు తీసుకున్నాక భారత్ పెట్రోలియం అయింది. ఊరు మాత్రం ఆ బంకు ఓనరే చెప్పాలి. దాన్ని వదిలేద్దాం.

మొగిలి_మలుపు:
“నేరు”నే. పలమనేరు. మాది బంగారుపాళ్యం, ఆ మలుపు చూడగానే పోలిక తట్టింది గానీ ఊరి అభిమానం అనుకుంటారని ఆగాను.

ముందు అక్షరాల సంగతి. ఆ రెండక్షరాల ముందు ఇంకో అక్షరం సగం కనిపిస్తోంది. పీలేరు అయితే అక్కడ “పీ” ఉండాలి, నెత్తిన గుడి దీర్ఘం చుట్టుకుని కనపడాలి. స్కాన్‌లో అక్కడ ఉన్నది మామూలు తలకట్టు, కుడిపక్కన తోక. అది “మ”. పైగా దాని ఎడమ పక్క ఇంకా రెండక్షరాల జాగా దుమ్ములో ఉంది. పీలేరుకి అంత బోర్డు అక్కర్లేదు.

ఇక చోటు. చిత్తూరు నుంచి పలమనేరు పోయే దారిలో మొగిలి ఘాట్. మద్రాసు, బెంగళూరు మధ్య పాత హైవే అదే. ఇప్పుడు నాలుగు వరసలు చేసి వంపులు కోసేశారు, పాత రోడ్డు ముక్కలు అక్కడక్కడా తుప్పల్లో పడున్నాయి. ఫొటోలో తాత వెనక ఎడమ వైపు, పెద్ద బండ మీద చిన్న బండ, టోపీ పెట్టినట్టుంది చూడండి. నేను నిన్న సాయంత్రం బండి వేసుకుని పోయాను. చిన్న బండ లేదు, కంకర క్వారీకి పోయిందో రోడ్డుకి పోయిందో. పెద్ద బండ ఉంది, నిలువునా అదే పగులు. ఫొటో తీసి పెట్టా, పక్కపక్కన పెట్టి చూసుకోండి.

ఒక్కటే దిగులు. పిల్లోడి పక్కన మైలురాయి ఉంది. నంబరు చదివితే గజం తేడా లేకుండా చెప్పేవాణ్ణి. వాడు సరిగ్గా కాలు అడ్డం పెట్టాడు.

రాళ్ళబండి:
రెండు ఫొటోలూ చూశాను. పగులు ఒకటే. అటుపక్క సన్నటి తెల్ల గీత కూడా కలిసింది. నా వైపు నుంచి ఒప్పుకున్నట్టే.

ఎర్రబస్సు_తాత:
మైలురాయి అన్నారు కదా, నిజంగా మైళ్ళ రాయి అయితే కిలోమీటర్లు రాకముందుదో, మార్చడం మరిచిపోయిందో. 1960ల మొదట్లో అనుకుంటే బెంజి చుక్కతో కూడా సరిపోతుంది. బుజ్జమ్మా, ఆ లైసెన్సు పుస్తకంలో పుట్టిన సంవత్సరం మిగిలిందా?

పట్టెడ_బుజ్జి:
ఉంది. 1927.

ఎర్రబస్సు_తాత:
అయితే 1944లో ఆయనకి పదిహేడు. పద్దెనిమిది నిండందే లైసెన్సు ఇవ్వరు. ఆ వయసుకి మూడో ఫొటో సరిగ్గా సరిపోతుంది. కొండకి రోడ్డు పడిన రోజుల్లో మీ తాత ఎక్కడో బొగ్గు బస్సుకి ఫ్యాను తిప్పుతున్నాడు. చిన్న పని అనుకోవద్దు. క్లీనరు సరిగా తిప్పకపోతే డ్రైవరు ఎంతటివాడైనా బస్సు కదలదు.

(మరో రెండు రోజులకి)

పట్టెడ_బుజ్జి:
నాన్నకి చెప్పేశా. ఏమీ అనలేదు. భోజనం చేసి పడుకున్నారు. పొద్దున్నే లేచి చిత్తూరులో ఉన్న మా మేనత్తకి వీడియో కాల్ చెయ్యమన్నారు. అత్తకి 71. ఫొటోలన్నీ ఒక్కొక్కటే చూపించాం.

తిరుమల మాట ఎత్తగానే అత్త నవ్వింది. “మీ తాత ఎప్పుడురా నడిపానన్నాడు? మొదటి బస్సు కొండెక్కిన రోజు పని ఎగ్గొట్టి అలిపిరి దాకా నడిచిపోయి చూసొచ్చానన్నాడు. ఓనరు రెండ్రోజుల కూలి కోసుకున్నాడని మా అమ్మ చచ్చేదాకా దెప్పింది” అంది. చూసొచ్చాను అన్నది నడిపాను ఎప్పుడయిందో ఎవరికీ తెలీదు. నాన్నని అడిగితే చిన్నాన్న మీదికి తోశారు.

రెండో ఫొటో చూపించగానే అత్త ఫోను కళ్ళ దగ్గర పెట్టుకుంది. “ఆ గుండోడు ఎవడనుకున్నావు? మీ నాయనే. బడి ఎగ్గొట్టి బస్సులో దాక్కున్నాడు. ఘాట్‌లో టైరు పంచరైతే అప్పుడు బయటపడ్డాడు” అంది. నాన్న పుట్టింది 1958లో. ఫొటోలో ఆరేళ్ళ పిల్లోడిలా ఉన్నాడు.

ఎర్రబస్సు_తాత:
అంటే 1964 చుట్టుపక్కల. చుక్క, రాయి, గుండు అన్నీ ఒక్కచోటికి వచ్చాయి.

పట్టెడ_బుజ్జి:
ఫ్రేముకి మూడో ఫొటో ఇచ్చాం. ఏం రాయించాలో నాన్నే చెప్పారు, “బొగ్గు బస్సు క్లీనరు” అని, కింద తాత పేరు. రెండోది చిన్న సైజులో ఆయన మంచం పక్కన పెట్టుకున్నారు. కాళహస్తి అక్కకి స్కాన్ పంపేశాను.

మొగిలి_మలుపు:
బుజ్జీ, అంతా బాగుంది గానీ మీ నాయనని ఒక్క మాట అడుగు. ఆ రాయి మీద నంబరు ఎంత?

పట్టెడ_బుజ్జి:
అడిగా అన్నా. పంచరు వేసినంతసేపు దాని మీదే కూర్చున్నాడంట. నంబరు చూడలేదంట.